ప్రాణవాయువు లేని వేళ హృదయము

“కొంచెము ఓర్చుకొనిన గుండెనొప్పి తానే సర్దుకొనును” అను మాట మన యిండ్లలో తరచుగా వినబడుచుండును. అట్లు ఓర్చుకొను హృదయములు సృష్టిలో లేకపోలేదు. కాని అవి మనవి కావు.

ఉత్తర అమెరికాలోని పెయింటెడ్ టర్టిల్ అను మంచినీటి తాబేలు శీతకాలమంతయు మంచు కప్పిన చెరువు అడుగున దాగియుండును. సుమారు 3 డిగ్రీల చల్లని నీటిలో ప్రాణవాయువు లేకున్నను మూడు నెలలు జీవింపగలదు. అప్పుడు దాని హృదయము నిమిషమునకు ఒక్కసారికంటె తక్కువగా స్పందించును. నిలువయున్న గ్లైకోజెన్‌తోనే దేహము గడుపుకొనును. అందువలన పుట్టు లాక్టిక్ ఆమ్లమును డిప్పలోని సున్నపు లవణములు విరుచును.

యూరప్ చెరువులలోని క్రూషియన్ కార్ప్ చేపది వేరొక మార్గము. అది ఆ ఆమ్లమును మద్యసారముగా మార్చి, మొప్పల ద్వారా విసర్జించును. ప్రాణవాయువు లేకున్నను దాని గుండె దినముల తరబడి రక్తమును నడపగలదు.

మానవునకు ఈ ఉపాయములు లేవు. మన దేహము వెచ్చనిది. హృదయము విశ్రాంతిలో సైతము నిమిషమునకు సుమారు 70 పర్యాయములు స్పందింపవలెను. హృదయధమని పూర్తిగా మూసుకొనిపోయిన 20 నుండి 40 నిమిషములలోనే కండరము నశింపనారంభించును. నశించిన భాగము మరల పూర్వస్థితికి రాదు.

చరకసంహిత శిరస్సు, వస్తులతోపాటు హృదయమును త్రిమర్మములలో చేర్చినది. కనుక ఛాతీలో బిగింపు, చేతికి గాని దవడకు గాని ప్రాకు నొప్పి, చెమటలు, ఆయాసము కలిగినచో “వాయువే” యని వాము కషాయముతో కాలయాపన చేయరాదు. తక్షణము 108కు ఫోన్ చేసి రోగిని ఆసుపత్రికి చేర్చవలెను. పథ్యము, మూలికల విషయము ప్రాణము నిలిచిన పిదప మాట్లాడుకొనవచ్చును.