స్టడీ స్కిల్స్ కోర్సులో చేర్పించాలా?



ఇంటర్‌లో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లవాడు బీటెక్ మొదటి సెమిస్టర్‌లో రెండు సబ్జెక్టులు మిగుల్చుకుని వస్తే, ఇంట్లో ముందు వినపడే మాట "అంతా ఫోన్ వల్లే" అని. అందులో కొంత నిజం ఉంది. అయితే ఇంటర్ దాకా ఏ గంటలో ఏది చదవాలో టైమ్‌టేబుల్ చెప్పేది. స్టడీ అవర్‌లో లెక్చరర్ పక్కనే ఉండేవారు. వారం తిరిగేసరికి పరీక్ష ఉండేది. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీలో చేరినా, చిత్తూరు, మదనపల్లె వైపు ఇంజినీరింగ్ కాలేజీలో చేరినా ఆ కాపలా ఒక్కసారిగా తీసేసినట్టవుతుంది. ఎలా చదవాలన్నది అప్పటిదాకా వేరేవాళ్లు నిర్ణయించారు కాబట్టి పిల్లవాడికి అది అలవాటు కాలేదు.

ఈ లోటు కాలేజీలకూ తెలుసు. ఇంజినీరింగ్‌లో చేరినవారికి మూడు వారాల ఇండక్షన్ ఉండాలని ఏఐసీటీఈ చెప్పింది. మన రాష్ట్ర డిగ్రీ సిలబస్‌లో 2020-21 నుంచి లైఫ్ స్కిల్ కోర్సులు వచ్చాయి. బయట రెండు రోజుల "మెమరీ" శిక్షణలు ఎలాగూ ఉన్నాయి. వీటితో మార్కులు పెరుగుతాయా అని చాలామంది మమ్మల్ని అడుగుతున్నారు.

హేటీ, బిగ్స్, పర్డీ అనే ముగ్గురు పరిశోధకులు ఇలాంటి శిక్షణలపై వచ్చిన 51 అధ్యయనాలను కలిపి 1996లో పరిశీలించారు. జ్ఞాపకం పెట్టుకునే చిన్న చిట్కాలు వాటికి తగిన పనుల్లో బాగానే ఉపయోగపడ్డాయి. అంతకు మించి కావాలంటే మాత్రం శిక్షణ ఆ సబ్జెక్టులోనే, ఆ పాఠంతోనే సాగాలని, విద్యార్థి తన చదువును తానే గమనించుకునేలా చేయాలని వారు తేల్చారు. అంటే ఫిజిక్స్ ఎలా చదవాలో ఫిజిక్స్ క్లాసులోనే నేర్పాలి. అందుకే హాల్లో రెండొందల మందిని కూర్చోబెట్టి చెప్పే శిక్షణకు డబ్బు కట్టే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించమనే మా సలహా.

మరి నేర్పాల్సింది ఏమిటి? 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చారు. కొందరు దాన్ని రెండుసార్లు చదివారు. కొందరు ఒకసారి చదివి, రెండోసారి చూడకుండా గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవారే ముందున్నారు: 81 శాతం, 75 శాతం. వారం తర్వాత పెడితే తారుమారైంది. చదివినవారికి 42 శాతం గుర్తుంటే, రాసినవారికి 56 శాతం గుర్తుంది.

ఇందులోనే అసలు చిక్కు ఉంది. మళ్లీ మళ్లీ చదివితే ఆ రాత్రికి అంతా వచ్చేసినట్టే ఉంటుంది. "చదివావా?" అని మీరు అడిగితే పిల్లలు "చదివాను" అంటారు, అది అబద్ధం కాదు. 2013లో డన్లోస్కీ బృందం పది చదువు పద్ధతులను బేరీజు వేసినప్పుడు, పుస్తకం నిండా రంగు గీతలు కొట్టడం, ఊరికే తిరగేయడం అడుగున నిలిచాయి. తనకు తాను పరీక్ష పెట్టుకోవడం, రోజులు ఎడమిచ్చి చదవడం పైన నిలిచాయి. మన అవధానులు చేసేది చూడండి. పృచ్ఛకుడికి ఒక్కో ఆవృత్తిలో ఒక్కో పాదం చెబుతారు, మధ్యలో అప్రస్తుత ప్రసంగం అడ్డుతగులుతూనే ఉంటుంది, చివరికి ధారణ. చేతిలో కాగితం ఉండదు. ఎడమిచ్చి గుర్తు చేసుకోవడం అంటే అదే.

ఇంట్లో దీనికి ఖర్చేమీ లేదు. 1565లో తళ్లికోట యుద్ధం జరిగిందన్న వాక్యం కింద గీత కొట్టే బదులు, "ఆ తర్వాత విజయనగర రాజధాని పెనుకొండకు, అక్కడినుంచి మన చంద్రగిరికి ఎందుకు మారింది?" అని పిల్లవాడే ప్రశ్న రాసుకోవాలి. పుస్తకం మూసి తెల్లకాగితం మీద జవాబు రాయాలి. తెరిచి, వదిలేసినవి ఎర్ర పెన్నుతో చేర్చాలి. రెండు రోజులాగి మళ్లీ, వారం ఆగి మళ్లీ. లెక్కల్లో అయితే సాధించిన లెక్కను చూడకుండా మొదటి నుంచి చేయాలి. మొదట్లో పిల్లలకు ఇది నచ్చదు. ఎంత రాదో కళ్లముందే కనిపిస్తుంది కదా!

వారాంతపు టెస్టులూ ఇందుకు పనికొస్తాయి. కానీ ర్యాంకు చూసి పేపరు పక్కన పడేస్తే సగం ప్రయోజనం పోయినట్టే. తప్పు పోయిన ప్రశ్నలను పిల్లవాడు ఆ ఆదివారం మళ్లీ రాశాడా అన్నది ర్యాంకు కన్నా ముఖ్యం. తొమ్మిది, పది తరగతుల తల్లిదండ్రులు వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు ఆ దిద్దుకున్న పేపర్లు తీసుకురండి. వాటిని ముందు పెట్టుకుని సబ్జెక్టు టీచరుతో మాట్లాడుకుందాం.