ఆకుతో ఎరువు: కాంఫ్రీ మొక్క నేర్పే పాఠం

తోట పెంపకం మీద వచ్చిన ఇంగ్లీషు పుస్తకాల్లో కాంఫ్రీ అనే మొక్క పేరు తరచుగా కనిపిస్తుంది. మన పెరళ్లలో ఇది సాధారణంగా ఉండదు. అయినా మొక్కలకు ఆహారం ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోవడానికి ఇది మంచి ఉదాహరణ.

చరిత్ర

కాంఫ్రీ చల్లని దేశాల మొక్క. నూగుతో కూడిన పెద్ద ఆకులు, గంటల్లాంటి చిన్న పూలు, లోతుగా దిగే వేళ్లు దీని లక్షణాలు. ఇంగ్లండులోని ఎసెక్స్ ప్రాంతంలో హెన్రీ డబుల్‌డే (1810-1902) తపాలా బిళ్లలకు పూసే జిగురు కోసం వెతుకుతూ 1870లలో రష్యా నుంచి ఈ మొక్కలు తెప్పించారు. జిగురు సంగతి ఫలించలేదు కానీ, ఆకు విరివిగా రావడం చూసి ఆయన సాగు మానలేదు. 1950లలో లారెన్స్ హిల్స్ అదే ప్రాంతంలోని బాకింగ్‌లో పలు రకాలను పోల్చి చూశారు. వాటిలో 'బాకింగ్ 14' పేరు పొందింది. ఇది విత్తనం కట్టదు, వేరు ముక్కలతోనే పెంచాలి.

ఎరువు తయారీ

1. మొక్కకూ మొక్కకూ మధ్య 60 నుంచి 90 సెంటీమీటర్లు వదులుతారు. మొదటి ఏడాది ఆకు కోయరు.
2. రెండో ఏడాది నుంచి ఏటా మూడు నాలుగు సార్లు కోస్తారు. నూగు దురద పెడుతుంది కనుక చేతి తొడుగులు వేసుకుంటారు.
3. కిలో ఆకును 15 లీటర్ల నీటిలో వేసి, మూత పెట్టి, సుమారు నాలుగు వారాలు నానబెడతారు. దుర్వాసన వస్తుంది. వడగట్టి మొక్కల మొదళ్లలో పోస్తారు.

గుర్తుంచుకోవలసిన సూత్రం

ఈ ద్రవంలో పొటాషియం ఎక్కువ. పొటాషియం పూతకు, కాయకు అవసరం. అందుకే దీన్ని టమాటా వంటి వాటికి వాడతారు. అయితే కాంఫ్రీ పొటాషియాన్ని సృష్టించదు, నేలలో ఉన్నదాన్నే ఆకులోకి తెస్తుంది. ఆకు కోసిన ప్రతిసారీ ఆ చోట నేల కొంత కోల్పోతుంది. అందువల్ల కాంఫ్రీ మొదట్లో కూడా పశువుల ఎరువో, కంపోస్టో వేయాలి. ఖర్చు లేని ఎరువు అంటే ఒక చోటి సారాన్ని మరో చోటికి మార్చడమే.

మన ప్రాంతంలో

మన వైపు గట్ల మీద పెంచే గ్లిరిసిడియా, కానుగ ఆకులను పచ్చిరొట్టగా వాడతారు. గ్లిరిసిడియా చిక్కుడు కుటుంబానికి చెందినది. దాని వేరు బుడిపెల్లోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి. అంటే ఆ నత్రజని గాలి నుంచి అదనంగా వచ్చినది. పొటాషియం మాత్రం ఇక్కడ కూడా నేల నుంచే రావాలి.

తల్లిదండ్రులకు హెచ్చరిక

కాంఫ్రీని పూర్వం మందుగా కూడా వాడేవారు. దానిలో కాలేయాన్ని దెబ్బతీసే ఆల్కలాయిడ్లు ఉన్నాయి. లోపలికి తీసుకునే కాంఫ్రీ ఉత్పత్తులను మార్కెట్ నుంచి తొలగించాలని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2001లో తయారీదారులకు సూచించింది. ఇది మొక్కలకు మాత్రమే. ఏ ఆకు ఎరువునైనా మంచినీళ్ల సీసాల్లో, కూల్‌డ్రింకు సీసాల్లో నిల్వ చేయకండి. డబ్బా మీద పేరు రాసి, చిన్నపిల్లలకు అందకుండా ఉంచండి.

చేసి చూడండి

ఒకే మట్టి నింపిన ఆరు కుండీల్లో ఒకే వయసు టమాటా నారు నాటండి. మూడింటికి మామూలు నీరు, మూడింటికి వారానికొకసారి ఆ నీటికి బదులు అంతే కొలతలో గ్లిరిసిడియా ఆకు నానబెట్టిన నీరు పోయండి. ఆ ద్రవాన్ని పది రెట్లు నీరు కలిపి పలుచన చేయడం మరవద్దు. ప్రతి వారం ఎత్తు, ఆకులు, పూలు లెక్కించి నోటుబుక్కులో రాయండి.

ప్రశ్నలు

1. ఒక్కో రకానికి ఒకే కుండీ పెడితే ఫలితాన్ని ఎందుకు నమ్మలేం?
2. ఆకులు ఏపుగా పెరిగి పూత తక్కువగా వస్తే, ఏ పోషకం ఎక్కువై ఉండవచ్చు?