పదక్రీడయందు ఎత్తుల నిర్ణయము: స్క్రాబిల్ ఆటను గూర్చిన పరిశీలనము

అక్షరపు బిళ్ళలను గడులయందు పేర్చి పదములు గూర్చెడి ఆటలలో స్క్రాబిల్ మిక్కిలి ప్రసిద్ధమైనది. అమెరికా దేశపు వాస్తుశిల్పి ఆల్ఫ్రెడ్ బట్స్ దీనిని 1930 దశకమున కల్పించెను. జేమ్స్ బ్రూనో 1948లో దీనికి ఇప్పటి పేరు పెట్టి విపణికి తెచ్చెను. నిఘంటువును ఎక్కువగా కంఠస్థము చేసినవాడే ఈ ఆటలో గెలుచునని సామాన్యాభిప్రాయము. అది సగము మాత్రమే సత్యము. పదజ్ఞానము సాధ్యమైన ఎత్తులను చూపును. చూపిన పది ఎత్తులలో ఏది మేలో చెప్పదు. ఆ నిర్ణయము వేఱొక విద్య. దానికి మూలమైన లెక్కలు ఆడెడి భాషయొక్క వర్ణస్వభావమునుండియే పుట్టుచున్నవి. కావున ఈ విషయము క్రీడాసక్తులకే గాక భాషాశాస్త్రజ్ఞులకును విచారణీయము.

ఆటబల్లపై వరుసకు 15 చొప్పున 225 గడులు కలవు. వానిలో కొన్ని అక్షరపు విలువను, కొన్ని పదపు విలువను రెట్టింపో మూడింతలో చేయును. సంచిలోని బిళ్ళలు 100. అందు 98 అక్షరములు, తక్కిన రెండు ఏ అక్షరమునకైనను బదులుగా చెల్లెడి ఖాళీబిళ్ళలు. ఆటగాని చేత ఏడేసి బిళ్ళలుండును. ఏడింటిని ఒకే ఎత్తున దించినవానికి అదనముగా 50 అంకములు లభించును. బట్స్ వార్తాపత్రికలలోని అక్షరములను లెక్కించి, వాని వాడుకను బట్టి బిళ్ళల సంఖ్యను, విలువను నిర్ణయించెను. ‘ఈ’ అక్షరమునకు 12 బిళ్ళలు, ఒక్కొక్కటి ఒక అంకము; ‘క్యూ’, ‘జెడ్’ అక్షరములకు ఒక్కొక్క బిళ్ళయే, విలువ 10 అంకములు. ‘ఎస్’ బిళ్ళలు మాత్రము నాలుగే. ఇంగ్లీషున ఆ అక్షరము చివర చేరినంతనే పెక్కు పదములు బహువచనములగును గనుక, దానిని ఇంకను విరివిగా ఇచ్చినచో ఆట మిక్కిలి సులభమై చెడును.

ఎత్తు నిర్ణయమునకు మూడు విషయములు చూడవలయును. మొదటిది తక్షణము లభించెడి అంకములు. రెండవది శేషము, అనగా ఎత్తు వేసిన పిదప చేతిలో మిగులు బిళ్ళలు. మూడవది బల్లపై ఆ ఎత్తు తెఱచు దారులు, మూయు దారులు. క్రొత్తవాడు మొదటిదానినే చూచును. ఆఱితేరినవాడు మూడింటిని కలిపి తూచును.

ఒక ఉదాహరణము చూడదగును. మొదటి ఎత్తు వేయవలసినవాని చేత వి, ఓ, డబ్ల్యూ, ఎస్, ఏ, టి, ఈ అను బిళ్ళలు కలవనుకొనుడు. మొదటి పదము నడిమి గడిని తాకవలయును. ఆ గడి పదపు విలువను రెట్టింపు చేయును. ప్రతిజ్ఞ అను అర్థముగల ‘వౌ’ (వి-ఓ-డబ్ల్యూ) వేసినచో 18 అంకములు. దానికే ‘ఎస్’ చేర్చి ‘వౌస్’ అని బహువచనము చేసినచో 20. అలలు అను అర్థముగల ‘వేవ్స్’ (డబ్ల్యూ-ఏ-వి-ఈ-ఎస్) పదమును, మొదటి అక్షరము అక్షరవిలువను రెట్టించు గడిపై పడునట్లు వేసినచో 30.

ఇందు ‘వౌస్’ స్పష్టముగా హీనమైన ఎత్తు. రెండు అంకములకై ఒక ‘ఎస్’ బిళ్ళను వ్యయము చేయుట దుర్వ్యయము. చేతిలో నున్న ‘ఎస్’ ముందు ఎత్తులలో సుమారు ఎనిమిది నుండి పది అంకముల లాభము తెచ్చునని నిపుణుల అంచనా. తక్కిన రెంటి నడుమ తీర్పు అంత సుకరము కాదు. ‘వేవ్స్’ వలన ఇప్పుడు 12 అంకములు అధికము. సంచినుండి ఐదు క్రొత్త బిళ్ళలు వచ్చును. కాని శేషము ఓ, టి మాత్రమే. ‘వౌ’ వలన ఏ, ఈ, ఎస్, టి మిగులును. ఇంగ్లీషు ఏడక్షరముల పదములలో తఱచుగా వచ్చెడివి ఈ అక్షరములే. తరువాతి ఎత్తున 50 అంకముల బహుమానము లభించు ఆశ వీనివలన హెచ్చును.

బల్ల స్థితియు చూడవలయును. ‘వౌ’కు చివర ‘ఎస్’, ముందు ‘ఏ’ చేర్చిన వేఱు పదములగును. ఆ రెండక్షరములును ‘వౌ’ వేసినవాని చేతనే ఉండును. అయినను ప్రత్యర్థికి ఆ దారి మూసికొనిపోలేదు. కంటికి కానరాని 93 బిళ్ళలలో ‘ఏ’లు ఎనిమిది, ‘ఎస్’లు మూడు, ఖాళీబిళ్ళలు రెండు కలవు. ఇట్లు 12 అంకముల వర్తమానలాభమును, శేషమునందలి భావిలాభమును దాదాపు సరితూగుచున్నవి.

ఇట్టి సందేహములను తీర్చుటకు గణకయంత్రములు ఒక మార్గమును చూపినవి. కానరాని బిళ్ళలను ప్రత్యర్థికి యాదృచ్ఛికముగా పంచి, పరీక్షింపదగిన ఒక్కొక్క ఎత్తును వేసి, పిమ్మట కొన్ని ఎత్తుల వఱకు ఆటను నడపి, ఈ ప్రయోగమును వేలమార్లు చేసి సగటు తీయుటయే ఆ మార్గము. బ్రయన్ షెపర్డ్ రచించిన ‘మేవెన్’ అను యంత్రక్రమము ఈ పద్ధతికి ప్రసిద్ధి తెచ్చెను. 2006లో టొరాంటో నగరమున ‘క్వాకిల్’ అను మఱియొక క్రమము, పూర్వము ప్రపంచ విజేతయైన డేవిడ్ బాయ్స్‌ను ఓడించెను.

సగటు లాభమే ఎల్లప్పుడును ప్రమాణము కాదు. ఆట ముగియవచ్చునప్పుడు ముందున్నవాడు దారులను మూయును. వెనుకబడినవాడు నష్టభయమున్నను దారులను తెఱచును. సంచి ఖాళీయైన పిదప అదృష్టమునకు తావులేదు. 100 బిళ్ళలలో కనబడినవానిని తీసివేసినచో ప్రత్యర్థి చేతిలోనివి తేలును. మిగిలిపోయిన బిళ్ళల విలువ అవి గలవానికి తగ్గును, ముందుగా ముగించినవానికి చేరును. కావున ప్రత్యర్థి చేత ‘క్యూ’ చిక్కుకొనునట్లు చేసి ముగించిన ఎత్తు ఒక్కటే 20 అంకముల వ్యత్యాసము కలిగించును.

ఈ లెక్కలలో ఎచ్చటను అర్థమునకు చోటు లేకుండుట గమనింపదగినది. న్యూజీలండు దేశీయుడగు నైజెల్ రిచర్డ్స్ ఫ్రెంచిభాష మాటలాడనేరకయే ఆ భాషలోని ప్రపంచ పోటీని 2015లో గెలిచెను. 2024లో స్పానిషు పోటీని కూడ గెలిచెను. అతనికి పదములు అర్థమును వీడిన వర్ణశ్రేణులు. అర్థము లేకున్నను ఆట నడచును. కాని వర్ణముల పౌనఃపున్యము, ప్రత్యయములు చేరు రీతి లేకున్న నడవదు. భాషనుండి ఆట గ్రహించినది ఈ రెంటినే.

కావుననే ఈ ఆటను భారతీయ భాషలలోనికి తెచ్చుట బిళ్ళలపై లిపిని మార్చుటతో తీరదు. తెలుగునే తీసికొందము. ముప్పదియైదు హల్లులకు పండ్రెండేసి గుణింతరూపములను మాత్రమే లెక్కించినను 420 అక్షరములగును. సంయుక్తాక్షరములు వీనికి అదనము. అక్షరమునకొక బిళ్ళ చొప్పున ఇచ్చినచో 100 బిళ్ళలు ఏ మూలకును చాలవు. చేతనున్న ఏడు బిళ్ళలతో ఒక పదమైనను పొసగుట అరుదు. హల్లును, గుణింతపు గుర్తును వేఱు బిళ్ళలుగా చేసి వేఱు గడులలో నుంచినచో బిళ్ళలు తగ్గును గాని వ్రాత రూపము చెడును. రెంటిని ఒకే గడిలో నుంచినచో, అడ్డుగా వచ్చు పదమునకు అదే హల్లు అదే గుణింతముతో కావలసివచ్చి, పదములు కలియు అవకాశములు క్షీణించును.

‘ఎస్’ వంటి బిళ్ళ తెలుగున ఏది? బహువచనమునకు ‘లు’ కలదు. ‘పుస్తకము’ పక్కన అది చేరి ‘పుస్తకములు’ అగును. కాని ‘చెట్టు’ ‘చెట్లు’గా మాఱుటచే బల్లపైనున్న అక్షరమునే తీయవలసివచ్చును, అది నియమవిరుద్ధము. అట్లుగాక ‘ను’, ‘కు’, ‘తో’ అను విభక్తులను అంగీకరించినచో ‘చెట్టును’, ‘చెట్టుకు’, ‘చెట్టుతో’ అని ఆ బిళ్ళలు ‘ఎస్’ను మించిన బలము పొందును. నిఘంటువులోని ప్రాతిపదికలను, ధాతురూపములను మాత్రమే అంగీకరించినచో ఆ బలము నశించును. పోటీలకు వాడెడి ఇంగ్లీషు పదపట్టికలు బహువచనములను, క్రియారూపములను చేర్చుకొన్నవి. తెలుగున ఏది పదమో, ఏది పదసముదాయమో తేల్చక పట్టిక సిద్ధము కాదు. పట్టిక సిద్ధము కాక శేషమునకు విలువ కట్టుట పొసగదు.

అందుచే బట్స్ వార్తాపత్రికల ముందు కూర్చుండి చేసిన లెక్కను తెలుగునకు చేయవలెనన్నచో, అంతకు ముందే పదనిర్వచనము, అక్షరవిభాగము అను రెండు ప్రశ్నలకు సమాధానము చెప్పవలసియున్నది. అవి వైయాకరణులకు చిరపరిచితములైన ప్రశ్నలే. ఇచ్చట మాత్రము వానికి చెప్పెడి ఒక్కొక్క సమాధానమునకును ఎన్ని బిళ్ళలు, ఎన్ని అంకములు అను లెక్క వెంటనే తేలవలసియుండును.