రెండు పినాకినులు

ఎలక్ట్రానిక్ సిటీ, బెంగళూరు.

చిరంజీవి మనుమరాలికి తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

కెలవరపల్లి జలాశయము దిగువ పినాకినిలో తెల్లని నురుగు గుట్టలు గుట్టలుగా తేలుచున్నదని పత్రికలో చదివి, నెల్లూరులో మన పెన్నకేమి కీడు మూడునోయని కలతపడి నీవు వ్రాసిన జాబు అందినది. అమ్మా, ఆ నురుగు మన పెన్నది కాదు.

చిక్కబళ్లాపురము చెంత నందికొండల సీమలో పినాకిని యను పేరుగల నదులు రెండు పుట్టుచున్నవి. మన పెన్నయైన ఉత్తర పినాకిని గౌరిబిదనూరు మీదుగా అనంతపురపు సీమ జొచ్చి, తాడిపత్రి దాటి, గండికోట కడ కొండను నిలువున కోసికొని, సిద్ధవటము, సోమశిల గడచి, 597 కిలోమీటర్లు నడచి నెల్లూరు దిగువను బంగాళాఖాతమును చేరును. దక్షిణ పినాకిని హోసకోట మీదుగా దిగి, హోసూరు చెంత కెలవరపల్లిలో నిలిచి, కృష్ణగిరి, తిరుక్కోవిలూరు దాటి, కడలూరు వద్ద ఆ బంగాళాఖాతముననే కలియును. తమిళులు దానిని తెన్పెణ్ణై యందురు. 1892లో మైసూరు సంస్థానమును మద్రాసు ప్రభుత్వమును చేసికొన్న ఒడంబడికలోని నదుల పట్టీలో పెన్నారు అను పేరు రెండుమారులు కానవచ్చును. ఒకదానిప్రక్క ఉత్తర పినాకిని యనియు, వేరొకదానిప్రక్క దక్షిణ పినాకిని యనియు చేర్చినారు.

సువర్ణముఖి యను పేరుగల నదుల సంగతియు నింతే. శ్రీకాళహస్తి నానుకొని పారునది యొకటి, విజయనగరము జిల్లాలో నాగావళిని కలియునది మరియొకటి. మా యింటికి దవ్వుగాని బన్నేరుఘట్ట కొండలలో పుట్టి అర్కావతి వైపు పోవునది వేరొకటి.

ఆ నురుగు మన పెన్నది కాకున్నను నీ కలతను విడువవలదు. 1978లో కోనప్పన అగ్రహారము, దొడ్డతోగూరు గ్రామముల నేలపై 332 ఎకరములలో వెలసిన ఈ ఎలక్ట్రానిక్ సిటీలో, నెల్లూరు, కడప, అనంతపురముల నుండి కొలువులకు వచ్చిన మన పిల్లలెందరో కాపురమున్నారు. ఇక్కడి మురుగు చేరు ఆనేకల్లు తాలూకా చెరువులు గొలుసుకట్టుగా ఒకదానిలోనికొకటి పొరలి, చందాపురము, ముత్తానల్లూరు చెరువుల మీదుగా దక్షిణ పినాకిని వైపు సాగును. చందాపురపు చెరువుగట్టున నిలిచి చూచితిని: గుర్రపుడెక్క క్రమ్ముకొన్నది, అలుగు కడ నల్లని నీరు సబ్బు నురుగు క్రక్కుచున్నది. బెళ్లందూరు, వర్తూరు చెరువుల మురుగును ఆ నదికే చేరుచున్నది. శుద్ధిచేయక విడిచిన ఈ నీటిలోని సబ్బుపొడుల సారమే జలాశయము తలుపుల నుండి దుమికినప్పుడు నురుగై లేచును. దిగువ హోసూరు, కృష్ణగిరి పల్లెలలో ఆ నీటితో పైరు పెట్టుకొను రైతులలో తెలుగు మాటాడువారనేకులు. పెన్న నీరు త్రాగి పెరిగిన బిడ్డలు ఇక్కడ విడిచిన మురుగు అక్కడి తెలుగు రైతు మడిలోనికి పోవుచున్నదన్నమాట నన్ను మిక్కిలి బాధించుచున్నది.

కావున నీవు ఈ నదుల పటమొకటి గీయుము; అందు ప్రతి నది పేరుప్రక్కను పుట్టినచోటు, కలిసినచోటు తప్పక వ్రాయుము. సోమశిలను ఉత్తర పినాకినిపై, కెలవరపల్లిని దక్షిణ పినాకినిపై గుర్తించి, చందాపురపు చెరువునుండి అక్కడికి నీరు పోవు దారియు గీసి నాకు పంపుము.

ఇట్లు,
మీ తాతయ్య