ఒక్క ఏడాది పెద్దరికం: లండను వృత్తిసంఘాల సంవత్సర చక్రం

మన కళాశాలలో ప్రతి సంవత్సరం సాహిత్య సంఘానికి ఒక కార్యదర్శిని ఎన్నుకొనుట అందరూ ఎరిగినదే. ఎన్నికైన మిత్రుడు పని నేర్చుకొనేసరికి పరీక్షలు వచ్చును, పదవి ముగియును. ఈ ఒక్క ఏడాది అధికారం వలన ప్రయోజనమేమని విద్యార్థులు మమ్ము అడుగుచుందురు. ఆ ప్రశ్నకు సమాధానం వెదకుచు మేము లండను నగరం వరకు పోవలసివచ్చినది.

వృత్తిశ్రేణులు మనకు కొత్తవి కావు. తెలుగు శాసనాలలో కనిపించు నకరములు, తెలికి వేవురు అట్టివే. అయితే వాటి సంగతి నేడు శాసనాల వలననే తెలియుచున్నది. లండనులోని సంఘాలు నేటికీ భోజనాలకు కూడుచున్నవి. వీటిని లివరీ కంపెనీలందురు. లివరీ అనగా సంఘ సభ్యులు ధరించు ప్రత్యేక దుస్తు. నేతపనివారి సంఘానికి 1155లో రెండవ హెన్రీ రాజు ఇచ్చిన సన్నదు ఉన్నది. మిగిలియున్న సన్నదులలో అదియే ప్రాచీనము. నేడు ఇట్టి సంఘాలు 110కి పైగా కలవు. పూర్వం శిష్యులను చేర్చుకొనుట, సరుకు నాణ్యం చూచుట, తూకంలో మోసగించినవారిని దండించుట వీరి పనులు. ఆ అధికారం చాలా సంఘాలకు ఇప్పుడు లేదు. స్వర్ణకారుల సంఘం మాత్రం నేటికీ లోహపు స్వచ్ఛత పరీక్షించుచున్నది. మన ఇండ్లలోని బంగారు నగలపై వేయు హాల్‌మార్క్ ముద్రకు ఆ పేరు వారి హాలును బట్టి వచ్చినదే.

సంఘాధిపతిని సాధారణంగా మాస్టర్ అందురు. నేతవారు అప్పర్ బెయిలిఫ్ అనియు, స్వర్ణకారులు ప్రైమ్ వార్డెన్ అనియు పిలుచుకొందురు. ఆయన క్రింద వార్డెన్లు, వారితోబాటు అసిస్టెంట్ల సభ ఉండును. సామాన్యంగా వార్డెనుగా మెట్టుమెట్టు ఎక్కివచ్చినవాడే మాస్టరగును. కనుక ఎన్నిక రోజున ఆశ్చర్యపడువారు తక్కువ. ఇక క్లర్కు అనగానే మన కార్యాలయపు గుమాస్తాను ఊహింపరాదు. సంఘం నడుచునది అతని చేతిమీదుగానే. మాస్టర్లు వచ్చిపోవుచుందురు, క్లర్కు ఉండును. మాస్టరు ముందు దండం పట్టి నడచు బీడిల్‌ను మన చోప్‌దారుతో పోల్చవచ్చును.

ఎవరు ముందు, ఎవరు వెనుక అను పట్టింపు వారికీ తక్కువ కాదు. దర్జీల సంఘానికి, ఉన్నితోలు వర్తకుల సంఘానికి ఆరవ స్థానం కొరకు పెద్ద కలహం జరిగినది. 1484లో మేయరు రాబర్ట్ బిలెస్డన్ చక్కని తీర్పు చెప్పెను. ఒక ఏడు ఒకరు ఆరవవారు, మరుసటి ఏడు రెండవవారు. అంతేకాక ప్రతి సంవత్సరం ఒకరినొకరు భోజనానికి పిలువవలెను. ఐదువందల ఏండ్లు దాటినా ఆ తీర్పు చెల్లుచున్నది. ఆంగ్లంలో గందరగోళాన్ని ఆరులు ఏడులు అని చెప్పు జాతీయం ఈ తగాదాలోనే పుట్టినదని చెప్పుకొందురు. కాని అంతకు నూరేండ్ల ముందే చాసర్ కవి అట్టి మాట వాడియున్నాడు; కథ బాగున్నంత మాత్రాన నమ్మనక్కరలేదు.

మాస్టరు ఏడాది ఒక్కొక్క సంఘంలో ఒక్కొక్క నెలలో మొదలగును. ద్రాక్షసారా వర్తకుల సంఘంలో జూలైలో కొత్త మాస్టరు చర్చికి నడచి వెళ్ళునపుడు తెల్లని అంగీ తొడిగిన పనివాడు చీపురుతో బాట ఊడ్చును. పెద్దలు చేత పూలగుత్తులు పట్టుకొందురు. పాతకాలపు లండను వీథుల బురదకు, దుర్గంధానికి అవి విరుగుడు. బురద పోయినది, చీపురు నిలిచినది. ఆ నెలలోనే ఈ సంఘం వారు, అద్దకపువారి సంఘం వారు రాజుగారి మనుషులతో కలిసి థేమ్స్ నదిపై పడవలలో పోయి హంసలను లెక్కింతురు. సెప్టెంబరు చివర లివరీ సభ్యులందరూ గిల్డ్‌హాలులో చేరి లార్డ్ మేయరు పదవికి ఇద్దరి పేర్లు ఎంచుదురు, ఆల్డర్మన్లు అందొకరిని నిర్ణయింతురు. నవంబరు రెండవ శనివారం ఊరేగింపు. లెంట్ ఉపవాస దినాలకు ముందటి మంగళవారం గిల్డ్‌హాలు ముంగిట అట్ల పందెము! పెనంలో అట్టు ఎగురవేయుచు పరుగెత్తవలెను. కోళ్ళ వర్తకుల సంఘం గ్రుడ్లు తెచ్చును, తుపాకులు చేయువారు పందెం మొదలగుటకు తుపాకి ప్రేల్తురు, గడియారాలవారు కాలం లెక్కింతురు. మన అట్లతద్దె వంటి ప్రాచీన ఆచారమని భ్రమపడెదరేమో. ఇది 2004లో మొదలైనది. వసంతంలో సెయింట్ పాల్ చర్చిలో సంఘాలన్నియు కూడి చేయు ప్రార్థన కూడ 1943లో పుట్టినదే. బాంబులకు నగరం సగం కూలియున్న ఆ దినాలలో సంఘాలు ఒకచోట కూడవలెనని తోచినది.

ఇన్ని విందులలో మాస్టరు చేయునదేమి? ఇతర సంఘాలకు అతిథిగా పోవును, తన ఇంటికి వారిని పిలుచును, ప్రసంగించును, శిష్యులకు బహుమతులిచ్చును. అనేక సంఘాలలో సొంత ధనం కూడ కొంత వ్యయం కాక తప్పదు. కనుక తీరిక, కలిమి లేనివానికి ఈ మెట్లు ఎక్కుట కష్టము. ఇది ఈ పద్ధతిలోని లోపమని మా అభిప్రాయము. కాని విందులనుండియే పాఠశాలలు కూడ పుట్టినవి. దర్జీల సంఘం 1561లో స్థాపించిన పాఠశాల నేటికీ నడుచుచున్నది. 1878లో నగరపాలక సంస్థ, పదునారు సంఘాలు కలిసి నెలకొల్పిన సిటీ అండ్ గిల్డ్స్ సంస్థ పేరు మన సాంకేతిక విద్యార్థులలో కొందరు వినియుందురు.

ఒక సంగతి చెప్పక విడువలేము. 1611లో ఆంగ్లేయులు మచిలీపట్నంలో వర్తకశాల తెరచిన పిమ్మట మన తీరపు అద్దకపు బట్టలు లండను స్త్రీల మనసు దోచినవి. అక్కడి నేతపనివారు పని పోయి ఆకటికి తాళలేక 1719లో వీథులలో ఆ బట్టలు కట్టిన స్త్రీల దుస్తులు చించిరి. నేత సంఘం పార్లమెంటుకు విన్నపాలు పంపినది. 1721 నాటి చట్టం అట్టి బట్టలు కట్టుటనే నిషేధించినది. తన సభ్యుల కూడు కాపాడుట సంఘధర్మమే. ఆ కూడు మన అద్దకపువాని కంచంలోనిది కూడ అని తలచు బాధ్యత ఏ సంఘానిది? ఈ ప్రశ్న మన చేనేత సహకార సంఘాలను గురించి చదువు విద్యార్థులు ఆలోచింపవలెను.

ఊరేగింపునకు ముందునాడు గిల్డ్‌హాలులో పాత మేయరునుండి కొత్త మేయరు పదవి స్వీకరించు కార్యక్రమం జరుగును. అందు కొత్తవారి ప్రమాణవాక్యం తప్ప మరొక మాట వినిపించదు. అందుకే దానిని నిశ్శబ్ద కార్యక్రమమందురు. సంఘాల మాస్టర్లు గౌనులు ధరించి చూచుచుందురు. వారిలో కొందరి ఏడాదియు ముగియవచ్చినదే. పాత మేయరు లేచి ఆసనం విడుచును, కొత్తవారు కూర్చుందురు. పాత మేయరు తలపైని టోపీ తీయును, కొత్తవారు తమ టోపీ పెట్టుకొందురు.