చెవిలో చుక్కలు నిలవాలంటే

ప్రశ్న: శనక్కాయలు కొట్టించిన దుమ్ముకు చెవి దురదపెడితే పిన్నీసుతో గోకాను. ఇప్పుడు వాపు, నొప్పి. డాక్టరు రాసిన చుక్కలు బయటికే కారిపోతున్నాయి. – ఒక రైతు, కంబదూరు

జవాబు: గోకినప్పుడు చెవి గొట్టం చర్మం గీరుకుపోయి క్రిములు చేరతాయి. చుక్కలు కారిపోవడానికి తరచూ కారణం కూర్చుని వేసుకోవడమే. సీసాను రెండు నిమిషాలు గుప్పిట్లో పట్టుకోవాలి. చల్లటి మందు పడితే తల తిరుగుతుంది. నొప్పిలేని వైపుకు ఒత్తిగిలి పడుకున్నాక, ఇంట్లో మరొకరు చెవి డొప్పను పైకీ వెనక్కీ లాగి చుక్కలు వేయాలి. చెవి ముందరి బుడిపెను మెల్లగా నొక్కి, అయిదు నిమిషాలు అలాగే ఉండాలి. నొప్పి తగ్గినా డాక్టరు చెప్పినన్ని రోజులూ వేయాలి. కాచిన నూనె, పుల్లలు, స్నానం నీళ్లు చెవిలోకి పోకూడదు. పక్కింటివారి పాత సీసా అసలే వద్దు: కర్ణభేరికి చిల్లుంటే కొన్ని మందులు వినికిడినే దెబ్బతీస్తాయి.

మూడు రోజులకూ నొప్పి తగ్గకపోయినా, గొట్టం వాచి మూసుకుపోయినా, జ్వరం వచ్చినా అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించాలి. షుగరు ఉన్నవారు ఆ మూడు రోజులూ ఆగకూడదు.