నాయకత్వ విధానం: ఎంచుకొనుట ఎట్లు?

పట్టా పుచ్చుకొని ఉద్యోగంలో చేరిన యువకుడు తొలి రోజులలో తన పని తాను చక్కగా చేసుకొంటే చాలును. కొన్ని సంవత్సరాలు గడిచేసరికి పదిమంది చేత పని చేయించవలసిన బాధ్యత అతని భుజాలపై పడుతుంది. అది బ్యాంకు శాఖ కావచ్చు, పాఠశాల కావచ్చు, కర్మాగారంలో ఒక విభాగం కావచ్చు. తాను పని చేయటం ఒక విద్య. ఇతరుల చేత చేయించటం మరొక విద్య. మొదటిదానిని మేము తరగతి గదిలో బోధిస్తున్నాము. రెండవదానిని మాత్రం చాలామంది తమ పై అధికారిని చూచి నేర్చుకొంటున్నారు. ఆయన గద్దించేవాడైతే వీరూ గద్దిస్తారు. ఆయన పట్టించుకోనివాడైతే వీరూ పట్టించుకోరు. ఈ విద్యకు కూడ శాస్త్రమున్నదనీ, విధానాన్ని ఆలోచించి ఎంచుకొనవచ్చుననీ విద్యార్థులకు తెలియజేయటమే ఈ వ్యాసోద్దేశం.

మూడు విధానాలు

ఈ విషయంలో పేరుపొందిన తొలి పరిశోధన అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో జరిగినది. కర్ట్ లెవిన్, రోనాల్డ్ లిప్పిట్, రాల్ఫ్ వైట్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు పదేండ్ల బాలురను చిన్న చిన్న బృందాలుగా చేసి, మాస్కులు తయారుచేయటం వంటి పనులను అప్పగించి, ఫలితాలను 1939లో ప్రకటించారు. ఒక విధానంలో నాయకుడు అన్నీ తానే నిర్ణయించి ఆజ్ఞాపిస్తాడు. ఇది నిరంకుశ విధానం. రెండవదానిలో బాలురతో చర్చించి, వారి అభిప్రాయాన్ని కలుపుకొని నడిపిస్తాడు. ఇది ప్రజాస్వామిక విధానం. మూడవదానిలో సామగ్రి ఇచ్చి, ఎవరి ఇష్టానికి వారిని వదలివేస్తాడు. దీనిని నిర్లిప్త విధానమనవచ్చు.

నిరంకుశ నాయకుడు ఎదుట ఉన్నంతసేపు పని బాగా సాగినది. ఆయన గది దాటగానే చేతులు ఆగిపోయినవి. ప్రజాస్వామిక బృందంలో నాయకుడు లేనప్పుడు కూడ పని కొనసాగినది. కొత్తదనమూ అందులోనే ఎక్కువగా కనిపించినది. నిర్లిప్త బృందంలో పని కొద్ది, కబుర్లు ఎక్కువ. నిరంకుశ, ప్రజాస్వామిక నాయకులలో ఎవరు నచ్చారని అడిగితే, 20 మందిలో 19 మంది ప్రజాస్వామిక నాయకునే కోరుకొన్నారు.

ఎల్లవేళలా ఒకే విధానమా?

అట్లయితే అన్ని వేళలా అందరినీ సంప్రదించి నడవటమే ఉత్తమమా? అని విద్యార్థులు ప్రశ్నింపవచ్చు. ఈ ప్రశ్నకు 1958లో టానెన్‌బామ్, ష్మిట్ అనే ఇద్దరు పండితులు సమాధానమిచ్చారు. ఆజ్ఞకూ స్వేచ్ఛకూ నడుమ ఒకటి రెండు కాదు, ఏడు మెట్లున్నవని వారు చూపారు. నిర్ణయం చేసి ప్రకటించటం మొదటి మెట్టు. హద్దులు మాత్రం చెప్పి, ఆ హద్దులలో బృందాన్నే నిర్ణయించుకొమ్మనటం చివరి మెట్టు. ఏ మెట్టుపై నిలువవలెనో తేల్చుకొనటానికి మూడు విషయాలను చూడవలెనన్నారు: నాయకుని స్వభావమూ నమ్మకాలూ, బృంద సభ్యుల శక్తి సామర్థ్యాలు, పని జరుగుతున్న పరిస్థితి.

1969లో హెర్సీ, బ్లాంచర్డ్ అనేవారు ఈ ఆలోచనను మరింత సులభం చేశారు. పనికి కొత్తవానికి ఏమి చేయవలెనో విడమరచి చెప్పవలెను. కొంత నేర్చినవానికి ఎందుకు చేయవలెనో వివరించి ఒప్పించవలెను. నేర్పు ఉండి ధైర్యం చాలనివానిని సంప్రదింపులో భాగస్వామిని చేయవలెను. నేర్పూ పూనికా రెండూ ఉన్నవానికి పని అప్పగించి అడ్డు తొలగవలెను. ఆరితేరిన గుమాస్తాకు ప్రతి ఉత్తరమూ పలికి వ్రాయించటం అవమానం. నిన్న చేరినవానికి లెక్కల పుస్తకం ఇచ్చి వెళ్ళిపోవటం అన్యాయం.

కళాశాల వార్షికోత్సవాన్నే ఉదాహరణగా తీసుకొందాము. ఏ నాటిక ఆడవలెను, ఎవరిని ఆహ్వానించవలెను అనే విషయాలు నెల ముందుగా పదిమంది కూర్చొని తేల్చుకొనవలసినవి. మన ఇండ్లలో ‘మష్వరా’ అనే మాటకు అర్థమిదే. కాని వేదిక వెనుక విద్యుత్తు తీగ నుండి పొగ లేచినప్పుడు మష్వరా చేయరు. తెలిసినవాడు ఒక్కడు గట్టిగా చెప్పవలెను, తక్కినవారు వినవలెను. రెండు సందర్భాలలోనూ మనుషులు వారే. సమయమూ పనీ మారినవి. అంతమాత్రాన ఇది ఏ ఎండకా గొడుగు పట్టటం కాదు. గొడుగు మార్చేవాడు తన లాభం చూచుకొంటాడు; విధానం మార్చే నాయకుడు పని క్షేమాన్నీ మనుషుల ఎదుగుదలనూ చూస్తాడు.

శ్రీహరికోట నేర్పిన పాఠం

విధానం మారవచ్చును గాని మారరానిది ఒకటున్నది. అది బాధ్యత. ఇందుకు మన గడ్డపైననే గొప్ప నిదర్శనమున్నది. నాడు నెల్లూరు జిల్లాలోనూ నేడు తిరుపతి జిల్లాలోనూ ఉన్న శ్రీహరికోట నుండి 1979 ఆగస్టు 10న ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు తొలి ప్రయోగం జరిగి విఫలమైనది. ఆ పథకానికి సారథి ఎ.పి.జె. అబ్దుల్ కలాం, ఇస్రో అధ్యక్షుడు సతీష్ ధావన్. ప్రయోగానికి ముందు యంత్రం హెచ్చరించినా, సహచరుల సలహాపై ముందుకు సాగమన్న నిర్ణయం తనదేనని కలాం గారే తరువాతి కాలంలో పలు సభలలో చెప్పారు. అయినను ఆ రోజు పత్రికలవారి ఎదుట కూర్చొన్నది ధావన్ గారు. వైఫల్యాన్ని తనపై వేసుకొని, తన బృందంపై విశ్వాసమున్నదని ప్రకటించారు. 1980 జూలై 18న అదే రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపినది. ఆనాడు పత్రికలవారితో మాట్లాడుటకు ధావన్ గారు కలాం గారిని పంపారు.

ఇక్కడ గమనింపదగినది ఒకటున్నది. ధావన్ గారు పథకాన్ని కలాం గారికి అప్పగించారు. అది పైన చెప్పిన చివరి మెట్టుకు సమీపమైన విధానం. పని అప్పగించారు గాని, నిందను అప్పగించలేదు. నిర్లిప్త నాయకునికీ నమ్మి అప్పగించే నాయకునికీ గల భేదమిదే. ఇద్దరూ పక్కకు తప్పుకొన్నట్లే పైకి కనిపిస్తారు. చెడిన రోజున ఒకడు కనిపించడు; మరొకడు ముందు నిలుస్తాడు.

రెండు హెచ్చరికలు

మొదటిది: ముందే నిర్ణయించుకొని, ఆపైన సభ పిలిచి అభిప్రాయాలు అడగరాదు. బృందం దానిని త్వరలోనే పసిగడుతుంది. తరువాత నిజంగా అడిగినా నోరు విప్పదు. నిర్ణయం అయిపోయినదని సూటిగా చెప్పటమే మర్యాద. రెండవది: అందరూ కలిసి నిర్ణయించినారను మాట నాయకునికి సాకు కారాదు. ఓటు పదిమందిదైనా జవాబు చెప్పవలసినవాడు ఒక్కడే.

ఈ విద్య పుస్తకం వలన మాత్రమే అబ్బదు. విద్యార్థి సంఘాలలోనూ, క్రీడా పోటీలలోనూ, ఈ సంచిక వంటి పనులలోనూ అభ్యాసం కావలెను. కనుక కళాశాల కమిటీ పెద్దలకు మా సవినయ మనవి: రాబోయే సంవత్సరం ఏదో ఒక కార్యక్రమాన్ని, ఖర్చు పద్దుతో సహా, విద్యార్థినీ విద్యార్థులకే అప్పగించండి. పొరపాట్లు జరుగవచ్చును. వాటికి పెద్దలు అండగా నిలిస్తే, ఆ పిల్లలు రేపు తమ క్రింద పనిచేసేవారికి అట్లే నిలుస్తారు.